ఎనిమిది గంటల కారు

డ్రైవింగ్ పరీక్షలో నేను మొదటిసారి ఫెయిలైనప్పుడు ఇంట్లోవాళ్ళు ఓదార్చారు. రెండోసారి ఫెయిలైనప్పుడు ఓదార్పు మానేసి టీ పెట్టిచ్చారు. ఈ లెక్కన మూడోసారి ఫెయిలైతే టీ కూడా నేనే పెట్టుకోవాలి. పైగా మూడో పరీక్ష గురువారం, నా లెర్నర్ లైసెన్సు గడువు ఆ మర్నాడు శుక్రవారంతో సరి. అది దాటితే మళ్ళీ రాతపరీక్ష, మళ్ళీ కళ్ళపరీక్ష, మళ్ళీ ఆరు నెలలు వరసలో నిలబడటం.

నాకు ఆరు నెలల ఓపిక లేదు. అత్తయ్యకు మోకాలి ఆపరేషనై, వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళేది మా ఆయన. ఎక్కించేటప్పుడొక నిట్టూర్పు, దింపేటప్పుడొకటి, ఆఫీసుకు ఆలస్యమైందని వాచీ చూసుకుంటూ ఇంకొకటి.

"అమ్మాయ్, నా మోకాలికంటే వాడి నిట్టూర్పులే ఎక్కువ సలుపుతున్నాయి. నువ్వు తొందరగా ఆ కాగితమేదో తెచ్చుకో" అంది అత్తయ్య. ఆవిడ ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. ఇంటింటికీ తిరిగి సూదిమందు వేసే రోజుల్లో తన కారు తనే నడుపుకునేది. లైసెన్సు ఇప్పటికీ పనిచేస్తుంది, పనిచేయనిది మోకాలే.

మాది ఎలక్ట్రిక్ కారు. దానికో సుగుణం ఉంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టు తనంతట తనే నెమ్మదిస్తుంది. ఆ లాగుడులో పుట్టిన కరెంటును తిరిగి బ్యాటరీలో దాచుకుంటుంది. శని, ఆదివారాలు సాయంత్రం నాలుగింటికి మా ఆయన పక్కన కూర్చుని నేర్పేవారు. బ్రేకు అవసరమే పడేది కాదు. కాలు తీస్తే నెమ్మది, ఇంకాస్త ఆగితే నిలుపు. ఇంత సుళువైన విద్యకు మగవాళ్ళు ఇన్నేళ్ళు ఎందుకంత బిల్డప్ ఇచ్చారో అనుకున్నాను.

పరీక్ష ఉదయం ఎనిమిదింటికి. చలికాలం. ఆగాల్సిన తెల్లగీత ముందు యథాప్రకారం కాలు తీశాను. నేను కాలు తీసిన సంగతి కారు ఖాతరు చేయలేదు. హాయిగా, పెళ్ళికి వెళ్తున్నట్టు, గీత దాటి రెండు గజాలు వెళ్ళాక నాకు బ్రేకు గుర్తొచ్చింది.

పరీక్షించే ఆఫీసరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. దేనికైనా "ఊఁ" అంటాడు. అందుకని మా ఇంట్లో ఆయన పేరు ఊఁ సారు. ఆ రోజు మాత్రం ఒక వాక్యం ఖర్చుపెట్టాడు.

"ఊఁ. బ్రేకని ఇంకో పెడలుంటుందమ్మా. ఎప్పుడైనా చూసే ఉంటారు."

ఇంటికొచ్చి, "నిన్న సాయంత్రం బాగానే ఆగిందండీ" అని మా ఆయనతో మొరపెట్టుకున్నాను.

"కారు బాగానే ఉంది. నువ్వే టెన్షన్ పడ్డావ్."

రెండోసారి పరీక్షకు ముందురోజు, పాపం, ఆయనే శ్రద్ధగా బ్యాటరీని నూటికి నూరుశాతం నింపారు. "ఇదిగో, కడుపునిండా పెట్టాను. ఇంక నువ్వూ అదీ చూసుకోండి." మర్నాడు ఉదయం అది కడుపునిండిన దానిలాగే ప్రవర్తించింది. ఎవరి మాటా వినలేదు. అదే గీత, అవే రెండు గజాలు, అదే ఊఁ.

కాలేజీలో నేను కెమిస్ట్రీ చదివాను. ఆ డిగ్రీని ఇన్నాళ్ళూ బట్టలమీద మరకలు తీయడానికి తప్ప వాడలేదు. సాయంత్రం ఒకలా, ఉదయం ఒకలా ఉండేది మనిషైతే చిరాకనుకోవచ్చు. యంత్రమైతే కారణం ఉండి తీరాలి. కారు అరలో, ప్లాస్టిక్ కవరు కూడా చించకుండా పడున్న, కారుతోపాటు కంపెనీవాళ్ళిచ్చిన నాలుగు వందల పేజీల పుస్తకం తీసి, ఫిజియోథెరపీ హాల్లో అత్తయ్య కాలు వంచి చాపుతుంటే పక్కన కూర్చుని చదివాను.

రెండు వందల పదో పేజీలో దొరికింది. చలికి బిగుసుకున్న బ్యాటరీ కరెంటును గబగబా లోపలికి తీసుకోలేదు. తీసుకోలేదు కాబట్టి కారు దాన్ని పుట్టించదు. పుట్టించదు కాబట్టి కొంగు పట్టుకుని లాగదు. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నా అదే తంతు. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి? అంటే మొదటిసారి నన్ను ఫెయిల్ చేసింది చలి. రెండోసారి చలితోపాటు మా ఆయన అభిమానం.

"అత్తయ్యా! నాలుగింటి కారు వేరు, ఎనిమిదింటి కారు వేరు! నేను ఒకదానిమీద నేర్చుకుని ఇంకోదానిమీద పరీక్షకెళ్తున్నాను."

హాల్లో అందరూ నావైపు చూశారు. అత్తయ్య కాలు గాల్లోనే ఉంచి, "మరి మందేమిటి?" అంది నర్సులాగా.

మందు కూడా ఆ పేజీలోనే ఉంది. ఎన్నింటికి బయల్దేరతామో కారుకు ముందే చెప్పి, చార్జింగు ప్లగ్గు పెట్టి ఉంచాలి. అది ఇంటి కరెంటుతోనే బ్యాటరీని వెచ్చబరుచుకుని ఆ వేళకు సిద్ధంగా ఉంటుంది. నింపడం కూడా మూడొంతుల దగ్గర ఆపమని చెప్పొచ్చు.

"ఇందులో కొత్తేముంది?" అంది అత్తయ్య. "ఫ్రిజ్‌లోంచి తీసిన మందును అరచేతుల మధ్య దొర్లించి, చలి విరిగాకే సూది వేసేదాన్ని. చల్లగా పొడిస్తే ఎంత మంచివాడైనా చెయ్యి లాగేసుకుంటాడు. నీ కారూ అదే చేస్తోంది."

చిక్కల్లా ప్లగ్గుతోనే. మా ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో కాలిపోయిన ఇళ్ళ క్లెయిములు చూస్తారు. రోజూ సాయంత్రం ఎవరిదో మసిబారిన వంటింటి కథతో ఇల్లు చేరతారు. అందువల్ల మా ఇంట్లో గోడకు గుచ్చి ఉన్న ప్లగ్గు ఆయన కంటపడితే బతకదు. మిక్సీ, టీవీ, ఇస్త్రీపెట్టె, ఏదైనా సరే. ఒకసారి అలారం గడియారం ప్లగ్గు కూడా పీకేసి, మర్నాడు అందరికంటే ఆలస్యంగా ఆయనే లేచారు. కన్నతల్లి పెట్టిన పేరు ప్లగ్గులరాయుడు.

పుస్తకం చూపించి చెప్పాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ పేజీ చదివారు. "రెండుసార్లు ఫెయిలై, నేరం బ్యాటరీమీదికి నెడుతున్నావన్నమాట" అన్నారు. పుస్తకం మూసి నా చేతికిచ్చి, "సరే, పెట్టుకో. ముట్టుకోను" అన్నారు.

నమ్మకం నమ్మకమే, జాగ్రత్త జాగ్రత్తే. పరీక్షకు ఇంకా రెండు వారాలున్నాయి. రోజూ ఏడింటికల్లా అత్తయ్య దుప్పటి కప్పుకుని, చేతికర్ర పట్టుకుని నా పక్కసీట్లో తయారు. కారు తెరమీద ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. బ్యాటరీ చల్లగా ఉంటే అందులో కొంతమేర చుక్కలు చుక్కలుగా మారుతుంది. చుక్కలున్నంత మేరా కారు తనంతట తను ఆగదు. కావాలనే కొన్ని రోజులు వెచ్చబరచకుండా, కొన్ని రోజులు సగం వెచ్చబరచి, కొన్ని రోజులు పూర్తిగా వెచ్చబరచి బయటికి తీశాను. ఎన్ని చుక్కలకు ఎక్కడ కాలు తీయాలో, ఎక్కడ బ్రేకు ఆనించాలో నోటుపుస్తకంలో రాసుకున్నాను.

"ఆపు" అనేది అత్తయ్య వీధి చివర స్తంభం దగ్గర. "దీన్ని ఆపడం అంటారా, వాలిపోవడం అంటారా? మళ్ళీ."

"అత్తయ్యా, పదకొండోసారి."

"నేను లెక్కపెట్టడం లేదే. నువ్వెందుకు పెడుతున్నావ్?"

పరీక్ష ఉన్న గురువారం వచ్చింది. ఆ ఉదయం ఆరింటికి కిటికీలోంచి చూశాను. ప్లగ్గు ఉంది, దీపం వెలుగుతోంది. బయల్దేరే వేళ ఏడూ నలభై అని కారుకు చెప్పి ఉంచాను. నిశ్చింతగా తయారై ఏడుంబావుకు కిందికి దిగితే అద్దాలమీద తెల్లగా మంచు, గోడకు కొక్కేనికి అందంగా చుట్టి తగిలించిన వైరు. చుట్టలు చూస్తేనే పనితనం ఎవరిదో తెలుస్తోంది.

"ఏమండీ!"

మొహంనిండా షేవింగ్ నురగతో గుమ్మంలోకి వచ్చారు. "నేనా? లేదే. వాకింగ్ నుంచి వచ్చాను, చెప్పులు విప్పాను, లోపలి..." అని ఆగి, తన కుడిచెయ్యి వైపు చూసుకున్నారు. "చెయ్యి... అదే... దానంతటదే..."

"ఆ చేతికే ఒక ప్లగ్గుండి ఉంటే పీకి పక్కన పెట్టేవాళ్ళం" అంది వెనకనుంచి అత్తయ్య.

అప్పటికే ప్లగ్గు పెట్టేశాను. పూర్తిగా వెచ్చబడటానికి నలభై అయిదు నిమిషాలని తెర చూపిస్తోంది. నా చేతిలో ఉన్నది పాతిక.

"పోనీ వాయిదా అడుగుదాం" అన్నారు ఆయన నిజంగానే బాధపడుతూ. "ఒంట్లో బాగాలేదని..."

"గడువు రేపటితో సరి. రేపు పరీక్షకు ఖాళీ లేదని వాళ్ళు ముందే చెప్పేశారు."

"మరి చల్లటి కారుతో..."

"పాతిక నిమిషాల్లో ఎంత వెచ్చబడితే అంత కారుతోనే వెళ్తాను."

లోపలి హీటరు ఆపేశాను. వచ్చే కరెంటంతా బ్యాటరీకే పోనీ. అత్తయ్య, నేను ఒకే దుప్పటి కప్పుకుని ముందు సీట్లలో కూర్చుని పళ్ళు కటకటలాడిస్తుంటే, కాళ్ళకింద ఎక్కడో నీళ్ళు మరుగుతున్నట్టు సన్నటి చప్పుడు.

"మనం వణకాలి, అది మాత్రం వెచ్చగా ఉండాలి" అంది అత్తయ్య. "ఈ ఇంట్లో నన్ను మించిన అత్తగారు తయారైందన్నమాట."

ఏడూ నలభైకి మా ఆయన సగం గీసిన గడ్డంతో వచ్చి, నేనూ వస్తానన్నారు. "వెనక కూర్చో. దేన్నీ ముట్టుకోకు" అంది తల్లి. వైరు తీసి కొక్కేనికి తగిలించాను. గీతలో సరిగ్గా సగం చుక్కలు. నోటుపుస్తకంలో అది ఆరో పేజీ.

ఊఁ సారు నన్ను చూసి గుర్తుపట్టాడు. "ఊఁ. మీరేనా."

"నేనే సార్."

ఆయన నా పక్కన కూర్చున్నాడు. మావాళ్ళిద్దరూ బయట బెంచీమీద. మలుపు, వెనక్కి నడపడం, పల్లం, అన్నీ అయ్యాయి. ప్రతిచోటా ముందు గీత చూశాను, తర్వాత దారి, తర్వాత మళ్ళీ గీత. చివరికి నా పాతమిత్రురాలు, తెల్లగీత వచ్చింది. నాలుగింటి కారైతే ఎదురుగా ఉన్న చెత్తడబ్బా దగ్గర కాలు తీయాలి. ఎనిమిదింటి కారైతే దానికి ఎంతో ముందు, గేటు దగ్గర. ఇది రెండూ కాదు, ఆరో పేజీ కారు. రెంటికీ మధ్య కరెంటు స్తంభం దగ్గర కాలు తీశాను. కారు కొంగు పట్టుకుంది, కానీ సగం బలంతోనే. మిగతా సగం నేను పట్టుకున్నాను. పాదం బ్రేకుమీద ఆనించి, అత్తయ్య చెప్పినట్టు వాలిపోకుండా, నిలిపాను.

ఊఁ సారు అద్దం దించి, తల బయట పెట్టి చక్రం వైపు చూశాడు. గీతకీ చక్రానికీ మధ్య జానెడు.

లోపలికొచ్చి కాగితంమీద టిక్కు పెట్టాడు. సంతకం చేశాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాక అడిగాడు. "రెండుసార్లూ ఇక్కడే గీత దాటారు. ఇప్పుడేం మారింది?"

చెప్పాను. చలి, నిండిన బిందె, చుక్కలు, ప్లగ్గు. రెండు నిమిషాలు పట్టింది. మా ఆయన చేతి గురించి మాత్రం చెప్పలేదు, కాపురం అన్నాక కొన్ని కడుపులో దాచుకోవాలి.

ఆయన వరసలో నిలబడ్డ కార్లవైపు చూశాడు. వాటిలో రెండింటి అద్దాలమీద ఇంకా మంచు ఉంది. "ఊఁ" అన్నాడు. ఇంతవరకు విన్న ఊఁలన్నిటికంటే పొడుగ్గా. తర్వాత దిగి, తర్వాతి కారు దగ్గరికి వెళ్ళి అద్దం తట్టాడు. "ఎలక్ట్రిక్కేనా అమ్మా ఇది? ముందు ఆ వీధిలో రెండు చుట్లు తిరిగి, బ్రేకు ఎలా పట్టుకుంటుందో చూసుకుని రండి. తొందరేం లేదు."

కాగితం పట్టుకుని బెంచీ దగ్గరికి వెళ్ళాను. అత్తయ్య అది తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని తేదీ, సంతకం, ముద్ర వరసగా చూసి, మందుసీసా చూసుకున్నట్టు తృప్తిపడి తిరిగి ఇచ్చింది. "తొమ్మిదింటికి నా ఫిజియోథెరపీ. పద."

మా ఆయన వాచీ చూసుకున్నారు. గడ్డం సగం, మొహంమీద ఒకవైపు ఎండిన నురగ. "కంగ్రాట్స్. అదీ... పోతూ పోతూ నన్ను ఆఫీసు దగ్గర దింపుతావా? ఇంటికెళ్ళి మిగతా గడ్డం గీసుకుని, ఒక అయిదు నిమిషాల్లో..."

స్టీరింగ్ ముందు కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. వాచీ చూసుకున్నాను. తర్వాత గుండెలనిండా గాలి పీల్చి, చాలాకాలంగా ఆయన దగ్గర నేర్చుకుంటున్న విద్యను మొదటిసారి ప్రదర్శించాను. పొడుగాటి నిట్టూర్పు విడిచాను.

"బాగా కుదిరింది" అంది అత్తయ్య పక్కసీట్లోంచి. "మళ్ళీ ఒకసారి."