దకు కొమ్ముదీర్ఘం

తప్పు నాదే. ఒప్పుకుంటే పోయేదేముంది? కానీ ఆ తప్పు కింద నలభై ఒక్కమంది సంతకాలు పెట్టారు. చదవకుండా సంతకం గీకడం మాత్రం నా తప్పు కాదు.

పెద్ద నగరం పక్కన ఉన్న పాపానికి మా ఊరు పెరుగుతోంది. పెరుగుతోందంటే మామూలుగా కాదు, వారానికో కొత్త నంబరు బస్సు. మా వీధిలో మాత్రం ఇంకా అన్నీ ఒంటి అంతస్తు ఇళ్లే. ఇకమీదట నాలుగు అంతస్తుల వరకు కట్టుకోవచ్చని పురపాలక సంఘం ప్రతిపాదన పెట్టింది, అభ్యంతరాలుంటే రాసివ్వమంది. అంతే, వీధికి పూనకం వచ్చింది.

అందరికంటే ముందు లేచింది ఎదురింటాయన. ఆయన్ని అందరూ గాలి మామయ్య అంటారు, నోరు తెరిస్తే గాలీ వెలుతురూ తప్ప మరో మాట రాదు కాబట్టి. "నాలుగంతస్తులు లేస్తే గాలెక్కడిదయ్యా? ఊపిరాడక చస్తాం!" అని ఇల్లిల్లూ తిరిగాడు. మా ఆయన వీధి సంఘానికి కార్యదర్శి. పైగా ముప్పై అయిదేళ్లు బడిలో తెలుగు చెప్పిన మాస్టారు. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముందు అచ్చుతప్పులు దిద్ది, తర్వాత అక్షింతలు వేసే రకం. అర్జీ ఆయన రాశారు. ముందుగదిలో డీటీపీ కొట్టు నాది కాబట్టి టైపు చెయ్యడం నా వంతుకొచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండదు? మా అమ్మాయి నర్సు. పని మా ఊరి ఆసుపత్రిలోనే. కాపురం మాత్రం రెండు బస్సులు మారి వెళ్లాల్సిన చోట, ఎందుకంటే ఇక్కడ అద్దెకు ఇల్లు దొరికితే ఒట్టు. మన డాబా మీద ఒక వాటా వేసుకుంటామని పోయినేడు తండ్రిని అడిగింది. "వీధికంతా ఒక నియమం, మనకొకటా?" అన్నారు ఈయన. అది మళ్లీ నోరు విప్పలేదు. ఆ పట్టుదల ఎవరి పోలికో వేరే చెప్పాలా!

అర్జీ టైపు చేస్తుండగానే అమ్మాయి ఫోన్ చేసింది. ఇంటివాళ్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారట. ఇంకా దూరం పోవాల్సొస్తే ఉద్యోగం మానెయ్యడమే అంటూ ఏడ్చింది. స్పీకరు పెట్టి, టైపు చేస్తూనే ఓదార్చాను.

"ఏడవకే తల్లీ. ముందు నువ్విక్కడికి రారాదూ! పిల్లని తీసుకుని నాలుగు రోజులు ఉండరాదూ!"

"నాన్నకి మాత్రం చెప్పొద్దమ్మా," అని పెట్టేసింది.

నోరు ఏమంటే వేళ్లూ అదే అన్నాయి. "మా వీధిలో అంతస్తులు పెంచరాదు" అని కొట్టాల్సిన చోట "పెంచరాదూ" అని పడింది. చివర ఒక్క దీర్ఘం, అంతే. వద్దని గదమాయించాల్సిన అర్జీ కాస్తా, పెంచండి బాబూ అని గారాలు పోయింది. ఆ సంగతి ఆ రోజు నాకు తెలిస్తేగా! అందరూ చకచకా సంతకాలు చేశారు. మా ఆయన అందరికంటే చివర, తీరిగ్గా కూర్చుని చేశారు.

విచారణ రోజు పురపాలక సంఘం హాలు కిటకిటలాడింది. అమ్మాయి డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చి వెనకగోడకి ఆనుకుని నిలబడింది. ఆఫీసరమ్మ కళ్లజోడు సర్దుకుని మా అర్జీ పైకి చదివింది.

"అయ్యా, మా వీధిలో అంతస్తులు పెంచరాదూ!"

ఆగింది. మళ్లీ చదివింది, ఈసారి ఇంకాస్త సాగదీసి. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇదేంటండీ, అభ్యంతరమా, బతిమాలటమా?" అంది.

నేను ముందు కుర్చీ చాటుకి ఒదిగాను. గాలి మామయ్య ఎగిరి లేచాడు.

"అచ్చుతప్పండీ! అక్కడ దీర్ఘం రాదు!"

"రాకపోతే ఎలా వచ్చింది?"

"వచ్చింది గానీ రాదు!"

హాలంతా గొల్లుమంది. ఆఫీసరమ్మ కూడా కాగితం అడ్డుపెట్టుకుని నవ్వి, "రాసిందెవరు?" అంది. మా ఆయన లేచారు.

"నేనేనమ్మా."

"మరి ఇది తప్పో ఒప్పో మీరే చెప్పండి మాస్టారూ."

ఆయన అటూ ఇటూ చూడలేదు. "నా కాగితంలో తప్పుండదు. దకు కొమ్ముదీర్ఘం ఇస్తే దూ. పెంచరాదూ అనే అడుగుతున్నాను."

"మాస్టారూ, మతి పోయిందా!" అన్నాడు గాలి మామయ్య.

"కాగితం పక్కన పెడదాం," అంది ఆఫీసరమ్మ. "పెంచమనేవాళ్లు చేతులెత్తండి."

మొదట లేచిన చెయ్యి ఎవరిదనుకున్నారు? గాలి మామయ్య పక్కనే కూర్చున్న ఆయన భార్యది!

"ఏమిటే ఇది?"

"మా తమ్ముడు ఇల్లు దొరక్క రేకుల షెడ్డులో ఉంటున్నాడు. మీ గాలి మీరే పీల్చుకోండి."

ఇక చూడండి, హాలంతా చేతులే. ఇస్త్రీ ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. "నాలుగంతస్తులంటే నాలుగింతల బట్టలమ్మా!" అన్నాడు. "చెయ్యి ఒక్కటి చాలు," అంది ఆఫీసరమ్మ. చివరికి పెంచమన్నవాళ్లు ఇరవై ఏడు, వద్దన్నవాళ్లు పద్నాలుగు. ఇంటికీ ఇంటికీ మధ్య గాలికి ఎంత జాగా వదలాలో రాసివ్వమని గాలి మామయ్యకే అప్పగించింది ఆఫీసరమ్మ. "నా అర్జీ నేనే టైపు చేసుకుంటా," అని నన్ను చూసి మూతి ముడిచాడు.

బయటికొచ్చాక నాకు నవ్వూ ఆగలేదు, కోపమూ ఆగలేదు. కన్నకూతురు అడిగితే కదలని మనిషి, ఒక్క దీర్ఘం పరువు కోసం మేడకి ఒప్పుకున్నాడా! వరండాలో పట్టుకుని కడిగేశాను.

"ఆ దీర్ఘం నా వేలి తప్పండీ. మీ పాండిత్యం ఏమీ కాదు!"

"తెలుసు," అన్నారు. "సంతకం పెట్టేటప్పుడే చూశాను. దిద్దుదామని కలం ఆనించాను కూడా."

"మరి?"

"మీ ఫోను పక్కగదిలోకి వినపడిందే. ఇల్లు పోతోందని దానికి ఏడుపొస్తే, నాన్నకి చెప్పొద్దంది. చెప్పుకోదగ్గ తండ్రిని కాలేకపోయాను."

 తిట్టడానికి ఎత్తిన వేలితోనే ఆయన చొక్కా కాలరు సర్దాను.

ఈలోగా అమ్మాయి వచ్చింది. ఆయన దాని మొహం చూడకుండా, చేతిలో సంచి అందుకుని అడిగారు.

"పైన గదికి కిటికీ ఎటు పెట్టించమంటావే?"

అది యూనిఫాం చేతితోనే కళ్లు తుడుచుకుంది.

"తూర్పుకొద్దు నాన్నా," అంది. "నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకోవాలి."