నాయన ఆగిన చోట

ఆ శనివారం మా ఆవిడ సుజన అడ్డం పడకపోతే ఇంట్లో కంప్యూటర్‌ను నిజంగానే పగలగొట్టి ఉండేవాణ్ణి.

మర్నాడు వరికుంటపాడు దగ్గర మా ఊరి చర్చిలో నాయన జ్ఞాపకార్థ కూడిక. నాయన చెంచయ్య బతికినంత కాలం ఆ చర్చిలో పాట ఎత్తింది ఆయనే. ముందు ఆయన, వెనక ఊరంతా. ఆ గొంతు ఇప్పుడు ఒకే ఒక్క సీడీలో మిగిలింది. ఎప్పుడో ఆత్మకూరులో ఒక స్టూడియోవాళ్ళు పిలిచి రికార్డు చేసి ఇచ్చారు. ఇంటికి తెచ్చాక ఆయన దాన్ని ఒక్కసారి కూడా పెట్టనివ్వలేదు. "నేను బతికే ఉండాను గదా, పెట్టెలో పాటెందుకు?" అని బీరువాలో పడేశాడు.

అమ్మ రాహేలమ్మ నన్ను కోరింది ఒక్కటే. "ఆ రోజు చర్చిలో మీ నాయన గొంతు వినపడాలరా శాంతీ."

ఉదయగిరిలో మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో తప్ప సీడీ పెట్టే చోటు నాకెక్కడా దొరకలేదు. పెట్టాను. నాయన గొంతు వచ్చింది గానీ ఎక్కిళ్ళు పట్టినట్టు వచ్చింది. "ఎం... ఎండి... న చె... చెల..." అమ్మ ముఖం చూడలేకపోయాను. సీడీ తీసి లుంగీ అంచుతో గుండ్రంగా రుద్దబోయాను.

"అట్లా రుద్దబాకండి!" అని సుజన లాక్కుంది. "గీతలు పడితే మనకు ఇంకోటి లేదు."

నాది కుప్ప తగలబెట్టి పేలాలు ఏరుకునే రకం. సుజన బళ్ళో లెక్కలు చెబుతుంది. ఒకటి మార్చి, ఏమయిందో చూసి, అప్పుడు గానీ రెండోదాని జోలికి పోదు. మెత్తటి గుడ్డతో సీడీని మధ్య నుంచి అంచుకు తుడిచింది. మారలేదు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసింది. మారలేదు. పిల్లల పాటల సీడీ ఒకటి వెతికి పెట్టింది. అదీ ఎక్కిళ్ళే. నేను కంప్యూటర్‌ను ఎత్తి నేలకేసి కొట్టబోయాను, ఆమె అడ్డం వచ్చి నవ్వింది.

"ఇది కూడా ఇట్లే ఉండాదంటే మామయ్య సీడీకి ఏం కాలేదు. జబ్బు కంప్యూటర్‌ది."

ఈ మాట నాకెందుకు తట్టలేదో! ఆమె సెట్టింగుల్లోకి వెళ్ళి అసలు సంగతి పట్టుకుంది. ఎప్పుడో ఏదో పాడైన సీడీని చదవలేక తడబడినప్పుడు, కంప్యూటర్ సీడీ చదివే డ్రైవును తనంతట తానే నత్తనడక పద్ధతిలోకి దించేసిందట. మళ్ళీ పైకి తేలేదు. సుజన సెట్టింగుల్లోంచి ఆ డ్రైవు పేరు తీసేసి కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేసింది. అది డ్రైవును కొత్తగా గుర్తుపట్టింది. పిల్లల పాట ఒక్క తడబాటు లేకుండా సాగింది. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడకు లేచి దణ్ణం పెట్టాలనిపించడం అదే మొదటిసారి.

నాయన సీడీ పెట్టాం. "ఎండిన చెలమలో నీరూరినట్టు..." నిండు గొంతు. వెంటనే నిశ్శబ్దం. తర్వాత రెండో పాదం. మళ్ళీ నిశ్శబ్దం.

"ఆ స్టూడియోవాడి చేతులిరగ! ఎక్కడికక్కడ కోసేసినాడు," అన్నాను. "ఆ ఖాళీలన్నీ తీసేసి అతికించు."

"ఇందాకటి ఎక్కిళ్ళు మాట మధ్యలో వచ్చినాయి. ఇవి పాదం అయినాకనే వస్తా ఉండాయి," అంది సుజన, పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తూ. "అన్నీ దాదాపు ఒకే పొడుగు." నేను వింటేగా! నా పోరు పడలేక పాట మొదటి నుంచి పెట్టి, కోయాల్సిన చోటు గుర్తుపెట్టబోయింది.

నాయన మొదటి పాదం పాడి ఆగాడు. అంతలో వంటింట్లో వెల్లుల్లి వొలుస్తున్న అమ్మ ఆ పాదాన్నే అందుకుంది. ఆ ఖాళీ అమ్మ గొంతుకు సరిగ్గా సరిపోయింది. అమ్మ ముగించగానే నాయన రెండో పాదం ఎత్తాడు. సుజన మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"దాన్ని కొయ్యబాకండి," అంటూ అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "చెడిపోలా అది. చదువు రానోళ్ళ కోసం ఒక ముక్క చెప్పి ఆగేవాడు గదా, అట్లా ఆగినాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆగినాడు చూడు." కళ్ళు తుడుచుకుంది. "చాలు, ఆపు. ఇది ఒంటిగా వినే పాట గాదు. మిగతాది రేపు."

తలుపులు మూసిన గదిలో, ఒక్కడే నిలబడి, ఊరు అందుకుంటుందని ఆగాడు మా నాయన. అలాంటి నమ్మకం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆదివారం పాటను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి చర్చి స్పీకర్‌కు పెట్టాను. ప్లగ్గు వెనక ఉంది కాబట్టి నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను. నాయన పాడి ఆగాడు. ముందు అమ్మ అందుకుంది, తర్వాత సుజన, ఆ తర్వాత చర్చి మొత్తం. నేను మాత్రం అందుకోలేదు. పాట ముగిసింది. కళ్ళు తుడుచుకుని స్విచ్ ఆపడానికి లేచాను.

"ఎనక బెంచీలోళ్ళూ!" స్పీకర్‌లో నాయన, ప్రతి ఆదివారం గదిమినట్టే గదిమాడు. "మీ గొంతు వినపళ్ళా. ఇంకోసారి!"

చర్చి అంతా నా వైపు తిరిగింది. నాయన మళ్ళీ మొదటి పాదం ఎత్తి, ఆగాడు.

అందుకున్నాను.