నేను చెరిపిన గొంతు

నేను ఒక పాత రికార్డింగ్ మిషన్‌ని. ఒకే క్యాసెట్ మీద నాలుగు శబ్దాల్ని నాలుగు ట్రాకుల్లో విడివిడిగా దాచగలను. కొత్తది ఎక్కించాలంటే అక్కడున్న పాతదాన్ని చెరపాలి. నన్ను తయారుచేసినవాళ్ళు ఆ పని కూడా నేర్పే పంపారు.

జపానులో పుట్టి, ఒక ఓడ ఉద్యోగి సంచిలో విశాఖపట్నం చేరాను. ఆయన దగ్గర నన్ను కొన్న పాస్టరుగారు తన ప్రసంగాలు రికార్డు చేసి మధ్యాహ్నాలు తానే వినేవారు. సంఘంలో అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంకొకరు లేరు. బదిలీ మీద వెళ్తూ నన్ను సంఘంలో పాటలు పాడే నిస్సీ అనే అమ్మాయికి ఇచ్చేశారు.

నిస్సీ, జిలానీ, పైడిరాజు కలిసి పెట్టుకున్న బ్యాండు పేరు 'తుప్పు'. కంచరపాలెంలో పైడిరాజు వాళ్ళ మేడమీద గదిలో వాయించేవారు. జిలానీ గిటారు తీగల మధ్య స్పూను దూర్చేవాడు. పైడిరాజు డ్రమ్ముల పక్కన ఇనప రేకులు వేలాడదీసి కొట్టేవాడు. నిస్సీ బేస్ గిటారు మీటుతూ మాటల్లేకుండా పాడేది. ఏ కంపెనీనీ అడక్కుండా క్యాసెట్లు తామే కాపీ చేసి బీచి రోడ్డులో ఇచ్చేవారు. తీసుకున్నవాళ్ళలో కొందరు మర్నాడొచ్చి, క్యాసెట్ పాడైందని చెప్పేవారు.

రెండో ఆల్బం చివరి పాటని ఆ వారంలోనే పూర్తి చేసెయ్యాలని నిస్సీ తొందరపెట్టింది. దాని దగ్గరే గొడవయింది.

"ఒక్క మాటైనా ఉండాల కదా నిస్సీ? ఊరికే అరిస్తే జనానికి ఏటర్థమవుద్ది?" అన్నాడు జిలానీ.

"మా నాన్న హార్బరులో పోయిన రోజు మోగిన సైరన్ అది. దానికి మాటలేం పెట్టమంటావ్?"

ఆమె బేస్ గిటారు అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయింది. నాలుగు రోజులు చూశాడు జిలానీ. ఐదో రోజు తానే మాటలు రాసి, ఆమె గొంతున్న ట్రాకు మీదే, రికార్డు చేసే ఎర్ర బొత్తం నొక్కి పాడాడు. పాడిందాన్ని ఒక్కసారి విని, ముఖం తిప్పుకుని నన్ను ఆపేశాడు.

రెండు నెలల తర్వాత పైడిరాజు ఒగరుస్తూ వచ్చాడు.

"నిస్సీకి థైరాయిడ్ ఆపరేషనైందిరా. గొంతు పోవచ్చని ముందే సెప్పారంట. మనకి సెప్పనేదు. అందుకే ఆ పాటకి అంత తొందర పడిపోయింది. ఆ క్యాసెట్ తియ్యి, పట్టుకెళ్ళి ఇనిపిద్దాం."

జిలానీ క్యాసెట్ తెచ్చి నాలో పెట్టాడు. "చెరిపేశాన్రా."

పైడిరాజు కొట్టలేదు, తిట్టలేదు. నా ట్రాకులు ఒక్కొక్కటే పెంచి వింటూ పోయాడు. తన డ్రమ్ముల ట్రాకులో, రేకుల మోత వెనక, నిస్సీ గొంతు సన్నగా వినిపించింది. ముగ్గురూ ఒకే గదిలో ఒకేసారి వాయించారు కాబట్టి అతని మైకులో ఆమె కూడా పడింది.

మైకుతో సహా నన్ను ఆటోలో నిస్సీ ఇంటికి తీసుకెళ్ళారు. ఆమె మెడకి చున్నీ చుట్టుకుని ఉంది. హెడ్‌ఫోన్సు పెట్టుకుని చివరిదాకా వింది. జిలానీ జరిగింది చెప్పాడు.

"ఎందుకు చెరిపావ్?" మాటకి గాలే తప్ప గొంతు లేదు.

"కోపంతో. నాకా పాట అర్థం కాలేదు."

"ఇప్పుడైందా?"

"ఇప్పుడూ కాలేదు నిస్సీ."

 ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. "నీ గొంతు తీసెయ్. అక్కడ నేను పాడతాను."

"డాక్టరు వద్దన్నారు కదేటి?" అన్నాడు పైడిరాజు.

"డాక్టర్ని పాడమనలేదులే."

జిలానీ మళ్ళీ ఆ ఎర్ర బొత్తమే నొక్కాడు. అతని మాటల్ని చెరుపుతూ, ఆమె పాడినదంతా తీసుకున్నాను. సగం చోట్ల గొంతు పలకలేదు, ఊపిరి మాత్రమే వచ్చింది. ఆ ఊపిరి ఆగిన చోట జిలానీ ఏడుపు పడింది.

క్యాసెట్లు కాపీ చేసేటప్పుడు ముగ్గురూ విన్నారు. ఆ ఏడుపుని చెరపమని నాతో ఎవరూ అనలేదు.