వేరు పడ్డామని రాయను

ముందు దగ్గు సారు సంగతి చెప్పాలి. జైల్లో ఉన్న మనిషిని తొందరగా వదలమని అర్జీ పెట్టుకుంటే, ఇంటికి వచ్చి విచారణ చేసే ఆఫీసరాయన. కాదు అనబోయే ముందు ఓసారి దగ్గుతాడు కాబట్టి ఆ పేరు. మాకు అన్యాయం చేసింది ఆయనే.

నా తమ్ముడు లారీ డ్రైవరు. బ్రేకులు పట్టడం లేదని చెప్పినా ఓనరు బండి తియ్యమన్నాడు. దారిలో ఒక మనిషి ప్రాణం పోయింది. ఓనరు ఫ్యాను కింద ఉన్నాడు, తమ్ముడు ఐదేళ్ళకి లోపలికి పోయాడు. మా ఇల్లు నడిచింది వాడి జీతం మీదే. నాకో లేతు షాపు ఉందన్న మాటే గానీ, ఒక రోజు పని దొరికితే మూడు రోజులు ఈగలు తోలుకోవడమే. రెండేళ్ళు చూసి, ఇంటికి ఆధారం వాడొక్కడేనని అర్జీ పెట్టాం.

దగ్గు సారు వచ్చి గదులు చూశాడు, వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వెవరు?"

"వాడి అన్నని. లేతు షాపు ఉంది."

దగ్గాడు. "సంపాదించే అన్న ఇంట్లోనే ఉంటే అతనొక్కడే ఆధారం ఎలా అవుతాడు? ఓ పని చెయ్యి. మీరు వేరు పడ్డారని, వీళ్ళతో నీకు సంబంధం లేదని రాసివ్వు."

"వేరు పడలేదండి."

"కాగితం మీదేనయ్యా."

"కాగితం మీద కూడా పడలేదు."

ఆయన వెళ్ళిపోయాక మరదలు నా మీద విరుచుకుపడింది. "ఒక్క సంతకం బావగారూ. మీ పౌరుషం పొయ్యి మీద పెట్టి వండమంటారా?"

"నాన్న పోయాక వాడికి అన్నం పెట్టడానికే బడి మానేసి లేతు పనిలో ఆకురాయి పట్టుకున్నా. వాడు నాకేమీ కాడని అదే చేత్తో రాయనమ్మా."

"అయితే ఆయన అక్కడే ఉండాలా?"

"ఎందుకుంటాడు? షాపు ఉందనేగా ఆయన ఏడుపు. లేకుండా చేస్తా."

"మీకు మతి పోయింది," అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

పక్కనున్న బ్యాటరీల షాపువాడు నా అవసరం కనిపెట్టి గీచి గీచి బేరమాడాడు. ఇచ్చేశాను. అమ్మిన కాగితం తీసుకెళ్ళి దగ్గు సారు బల్ల మీద పెట్టాను.

"ఇప్పుడు షాపు లేదు. రాసుకోండి."

"చేతులున్నాయిగా?"

"ఉన్నాయి. పిలిచిన రోజు కూలి, పిలవని రోజు పస్తు. అదీ రాసుకోండి."

"ఒక్క సంతకంతో అయ్యేదానికి ఇంత ఎందుకయ్యా?"

"ఆ సంతకం నాకు రాదండి. చిన్నప్పుడే బడి మానేశాను."

అమ్మిన కాగితం మరోసారి తిరగేశాడు. తర్వాత కలం తీసి, వదిలిపెట్టవచ్చని రాశాడు.

తమ్ముడు విడుదలై నేరుగా షాపుకి పోయాడట. అక్కడ బ్యాటరీలు చూసి, ఇంటికొచ్చి, మరదలి నోట సంగతంతా విని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సంతకం పెట్టేస్తే పోయేదిగా అన్నయ్యా. నేనేమైనా అనుకుంటానా?"

"నువ్వు అనుకోవు. నేను అనుకుంటా. కాళ్ళు కడుక్కుని రా."

ఇప్పుడు వేరేవాళ్ళ షెడ్డులో వేరేవాళ్ళ లేతు తిప్పుతున్నాను. మళ్ళీ అడిగినా అదే మాట చెబుతాను. పోయింది పద్నాలుగు గజాల షాపు, లేతుతో సహా మూడు లక్షల పది వేలకి. పాత అప్పు, లాయరు ఫీజు పోను నా చేతికొచ్చింది ఏడు వందలు.