సుగ్గి పాటలో అత్త గొంతు

మా పెళ్లయిన రెండో నెలలోనే హనుమేష్ ఆల్బమ్ పూర్తయింది. ఏ సంతోషం దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. పెళ్లిపీటల మీద కూడా మోకాలిపై వేళ్లతో తాళం వేసుకుంటూ ర్యాప్ కట్టుకున్న మనిషి మరి.

ఆల్బమ్ పేరు 'సుగ్గి'. వానలు మొహం చాటేసిన ఏడు మా పడమటి కర్నూలు పల్లెల్లో ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని కూడా లారీ ఎక్కించుకుని మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. దాన్నే సుగ్గికి పోవడమంటారు. పాటలన్నీ ఆ బతుకు గురించే.

రికార్డింగు మా ఇంటి ముందు గదిలోనే జరిగింది. మంచి ధర వచ్చేదాకా అమ్మకూడదని మా అత్త ఉరుకుందమ్మ ఆ గదిలో పైకప్పుదాకా నిరుటి పత్తి పోసిపెట్టింది. పత్తి మధ్య నిలబడితే వీధిలో ట్రాక్టరు పోయినా వినపడదు. మైకుతో అతను, లాప్‌టాప్‌తో నేను, ఇద్దరి జుట్టులోనూ దూది. కొత్త కోడలు గాజులు తీయకూడదని అత్త పట్టుబట్టడంతో రెండో పాటలో నా గాజులు గలగలమన్నాయి. మళ్లీ పాడమన్నాను. "ఉండనీలే, బాగుండాది" అన్నాడు. ఆ రోజంతా నాకు నేల మీద కాలు నిలవలేదు.

చివరి పాటలో ర్యాప్ ఆగిపోయి అత్త గొంతు వస్తుంది. తోటలో సాళ్ల వెంట ఆడవాళ్లు పాడుకునే వరసలోనే పాడింది:

కండ్లల్లో కారం పడినా కాయ కోసేది ఆగదు
బడికి పోయే పిల్లోడు బస్తా మోస్తాండాడు
బడి ఈడికి రాదా అని అడిగేటోళ్లు యాడ?

ఆల్బమ్ నెట్‌లో పెట్టిన వారం తిరక్కుండానే హైదరాబాదు వెబ్‌సైటు ఒకటి మా ఆల్బమ్ మీద సమీక్ష వేసింది. ఉత్సాహంగా పైకి చదవడం మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించాను. 'సీమ ఆల్బమ్‌లో సీమ ఎక్కడ? కత్తి లేదు, సుమో లేదు, పౌరుషం లేదు. చివర్లో ఒక ముసలామె గొణుగుడు భరించాలి. రెండో పాటలో గాజు వాయిద్యం మాత్రం అద్భుతం. వాయించిన కళాకారుడి పేరు వేయకపోవడం అన్యాయం.' ఐదుకు రెండు మార్కులు.

"ఆ కళాకారుణ్ని నేనే" అని చేతులు ఊపి చూపించాను. హనుమేష్ నవ్వలేదు.

మరునాడు కడప నుంచి భూపేష్ ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నకు రోడ్ల కాంట్రాక్టులు. గండికోటలో యువజన వేడుకకు పాటల ఏర్పాటంతా భూపేష్‌దే. హనుమేష్‌కు అదే మొదటి స్టేజీ.

"రివ్యూ సూసినానన్నా. ఆ ముసలామెను తీసేయ్. ఆడ తొడగొట్టే లైన్లు నాలుగు పెట్టు, జనం ఊగిపోతారు. కాదంటే ఇంకోణ్ని సూసుకుంటా."

హనుమేష్ నాలుగు లైన్లు రాశాడు. కత్తి, రక్తం, మీసం. సుగ్గికి మూట కట్టుకుంటున్న తల్లి ముందు నిలబడి వినిపించాడు.

"ఎవరప్పా ఈ మనిషి?" అంది అత్త.

"మనమే, మా. సీమోళ్లం."

"నువ్వు ఎవర్ని నరికినావు? కోడిని కొయ్యాలంటే పక్కింటి బసవన్నను పిలుస్తావు."

నేను గదిలోకి పరిగెత్తి దూదిలో మొహం పెట్టుకుని నవ్వాను. తిరిగి వచ్చేసరికి ఆమె మూట ముడి బిగిస్తోంది.

"నా గొంతు వద్దంటే తీసేయప్పా, నాకేం బాధ ల్యా. మేము పోయేది కూలికి. దాన్ని దాసిపెట్టి ఆడ అబద్ధం ఎందుకు పాడతావు?"

సాయంత్రం లారీ ఎక్కి వెళ్లిపోయింది. హనుమేష్ పాటలో ఆమె గొంతు తీసేసి, ఆ నాలుగు లైన్లు స్టేజీ మీద పాడేందుకు ఆ చోట ఉత్త దరువు ఉంచి భూపేష్‌కు పంపాడు. గండికోటకు పోతూ జమ్మలమడుగు బస్సులో అన్నాను.

"ఆ లైన్లు పాడితే నీతో మాట్లాడను."

"ఎన్ని దినాలు?"

"ఇప్పుడే చెప్పను. భయపడు."

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చేయి మాత్రం వదల్లేదు.

గండికోటలో పొద్దు వాలుతుండగా మా వంతు వచ్చింది. ముందు వరసల్లో కాలేజీ పిల్లలు, వాళ్ల వెనక ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. పాటలు బాగానే పోయాయి. చివరి పాటలో ఆ ఉత్త దరువు వచ్చింది. హనుమేష్ నోరు తెరిచాడు, మూశాడు. దరువు మోగుతూనే ఉంది. స్టేజీ పక్కన నిలబడ్డ నా వైపు తిరిగి, చెవి దగ్గర చేయి పెట్టి చూపించాడు. ఫోన్ చేయమని.

అత్త వెంటనే ఎత్తింది. నేను స్టేజీ ఎక్కి ఫోన్‌ను మైకుకు ఆనించాను.

"అన్నం తిన్యారా?" అని కోటంతా వినపడింది. జనం ఘొల్లుమన్నారు.

"మా, నీ పాట పాడు. అందరూ ఇంటాండారు" అన్నాడు హనుమేష్.

"పొయ్యి మీద ఎసరుండాది గదప్పా" అని గొణిగి, పాడింది. కండ్లల్లో కారం పడినా. ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు గొంతు కలిపారు. ఎవరో పసిబిడ్డ ఏడుస్తున్నాడు. రెండో లైను సగంలో ఉండగా మైకు ఆగిపోయింది. స్పీకర్ల దగ్గర భూపేష్ ఊడబీకిన వైరు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"నా పరువు తీసినారు" అని స్టేజీ మీదికి వచ్చాడు. "ఇంగ ఈ జిల్లాలో ఏ స్టేజీ ఎక్కేది లేదు మీరు."

"ఎక్కనీకపోతే కింద నిలబడి పాడతాం" అన్నాడు హనుమేష్. నా మొగుడు ఇంత అందగాడని నాకు అప్పటిదాకా పూర్తిగా తెలియదు.

ముందు అతను దూకాడు. నేను పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అతని చేయి అందుకుని దూకాను. జనం మా చుట్టూ మూగారు. ఫోన్ పైకెత్తాను. వెనకున్నవాళ్లు తమకు వినపడక, ముందున్నవాళ్లను చప్పుడు చేయొద్దని కసురుతున్నారు.

మైకు పోయిన సంగతి తెలియని అత్త పాట ముగించి అడిగింది. "చాలా, ఇంగా పాడాల్నా?"

"మళ్లా మొదట్నుంచి పాడు మా" అన్నాడు హనుమేష్.