ఆరు డబ్బాల్లో ఒకే ఎరుపు

మా బావ ఆరు డబ్బాలు తెచ్చి నా బల్ల మీద వరసగా పెట్టాడు, మిఠాయి పంచడానికి వచ్చినవాడిలా. ఆయన ఒక బడిలో క్యాంటీన్ నడుపుతాడు. అక్కడ వండి వడ్డించే ఆరుగురికీ ఏడాదికోసారి మలపరీక్ష చేయించి, ఎవరి కడుపులోనూ క్రిములు లేవన్న కాగితం బడికి ఇవ్వాలి. ఆ ఆరుగురిలో ఆయనా ఒకడు. పరీక్ష చేసేది నేను. పంతొమ్మిదేళ్ళుగా మైక్రోస్కోపుకి కన్ను ఆనించి బతుకుతున్నాను. జనం ముఖాల కంటే వాళ్ళ కడుపులే నాకు బాగా తెలుసు.

"సాయంత్రానికల్లా కాగితం ఇచ్చెయ్ మరదలా. అన్నీ మామూలే అని రాసెయ్," అన్నాడు.

"చూడకుండానే?"

"చూడు, ఎవరొద్దన్నారు? చూసి, మామూలే అని రాయి."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కూతురు చిట్టి అదే బడిలో చదువుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల, రెండు నెలల్లో చిక్కి సగమైంది. తిన్నది ఒంటబట్టడం లేదు. పొట్ట ఉబ్బుతుంది, తేన్చితే మురిగిన గుడ్డు వాసన. విరేచనం జిడ్డుగా, నీళ్ళు పోసినా పోకుండా తేలుతుంది. ఏ కూరా సయించక, వాళ్ళ నాన్న తరిగిచ్చే క్యారెట్, దోసకాయ ముక్కలు మాత్రమే తింటోంది.

ఈ గుర్తులు వినగానే నాకు అనుమానం వచ్చింది. ఒక్కసారి మలం తెచ్చి చూపించారు, ఏమీ కనబడలేదు. ఇది రోజూ బయటపడే రకం కాదు, వేరువేరు రోజుల్లో మూడుసార్లు చూడాలని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "లేదని నువ్వే అన్నావుగా! చాక్లెట్లు ఎక్కువై ఉంటాయి," అని బావ తేల్చేశాడు. అక్క సరేనంది. నేనూ ఊరుకున్నాను. లోకానికంతా శకునం చెప్పే బల్లిని, సొంత అక్క ఇంట్లో నోరు మూసుకున్నాను. అందుకు నా మీద నాకే ఇప్పటికీ మంట.

ఆయన వెళ్ళాక తొడుగులు వేసుకుని మొదటి డబ్బా మూత తీశాను. ఎర్రగా ఉంది. రక్తమేమోనని దగ్గరగా చూశాను. రక్తం కాదు, బీట్‌రూట్. రెండోది తీశాను, బీట్‌రూట్. మూడోది, నాలుగోది, అయిదోది, ఆరోది. ఆరుగురూ ముందురోజు ఒకే కూర తిన్నారనుకుందాం. ఆరుగురికీ ఒకే ఎరుపు, ఒకే జిగురు, నలగకుండా మిగిలిన అవే టొమాటో గింజలా? అక్కా నేనూ ఒకే కంచంలో తిని పెరిగాం, మా ఇద్దరి కడుపులే ఏనాడూ ఒక్కలా లేవు.

గాజుపలక మీద అయోడిన్ చుక్క వేసి చూశాను. కోలగా, గుడ్ల ఆకారంలో, లోపల చుక్కలతో బోలెడు కనిపించాయి. జియార్డియా, చిట్టి విషయంలో నేను అనుమానపడ్డ క్రిమే. మిగతా అయిదూ చూశాను. అన్నిటిలోనూ అదే.

ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేసి రమ్మన్నాను. "అప్పుడే అయిపోయిందా?" అంటూ నిమ్మకు నీరెత్తినట్టు వచ్చాడు.

"ఇవి ఆరుగురివి కావు బావా. ఒక్కరివే. ఎవరివో చెప్పండి."

బావ వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేశాడు. "ఏం చేయమంటావ్? వాళ్ళని అడిగితే సిగ్గుపడతారు, రేపూ ఎల్లుండీ అంటారు. అందుకని ఆరోగ్యంగా ఉన్నవాడిదే ఆరు డబ్బాల్లో వేశాను. ఏటా అంతేగా."

ఏటా! ఏటా ఆ కాగితం కింద సంతకం పెట్టింది నేను. బీట్‌రూట్ లేకపోతే ఈసారీ పెట్టేదాన్ని.

"ఎవరా ఆరోగ్యవంతుడు?"

"ఇంకెవరు, నేనే. రాళ్ళు తిన్నా అరాయించుకుంటాను. బుద్ధెరిగాక కడుపునొప్పి అంటే ఏంటో తెలీదు నాకు."

"ఆరింటిలోనూ క్రిమి ఉంది."

"నాకా? నాకే బాధా లేదే!"

"కొందరిని అది బాధపెట్టదు. వాళ్ళు మోసుకుని తిరుగుతారు, నలుగురికీ పంచుతారు. క్యాంటీన్ బాత్రూములో సబ్బుందా?"

"పెడితే ఎత్తుకుపోతున్నారని బీరువాలో పెట్టి తాళం వేశా. నీళ్ళున్నాయిగా."

"మరి నువ్వు దేంతో కడుక్కుంటావ్?" ఇన్నేళ్ళూ మీరు మీరు అన్న నోటికి నువ్వు వచ్చేసింది. నేను సర్దుకోలేదు.

"పని తొందరలో నీళ్ళతోనే..."

"ఉడికిందాంట్లో అది చచ్చిపోతుంది. ఉడకనివి ఎవరు తరుగుతారు?"

"క్యారెట్ ముక్కలూ అవీ నేనే. వాళ్ళకి సన్నగా తరగడం..." అని ఆగిపోయాడు. కంచే చేను మేసిందని ఆయనకి అప్పుడు తెలిసింది. తెలిసి మేసినా తెలియక మేసినా చేను పోయినట్టే.

"చిట్టి చిక్కిపోతోందని ఈ నెలంతా రోజూ రెండు గిన్నెల ముక్కలు తినిపించాను," అన్నాడు.

నాకు జాలి వేయాలి. వేయలేదు. ఆ బడిలో ఇంకా మూడొందల మంది పిల్లలున్నారు, వాళ్ళలో ఎందరికి చాక్లెట్లు ఎక్కువయ్యాయో ఎవరు చూశారు?

"నా పేరు రాయకు. బడిలో తెలిస్తే తలెత్తుకోలేను," అన్నాడు.

"రాస్తాను. ఆరు డబ్బాలూ ఒక్కడివే అని కూడా రాస్తాను. ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, దీనికి మందుంది. నీ కడుపు శుభ్రమైందని నేను చూసి చెప్పేదాకా వంటగది గడప తొక్కకు. మిగతా అయిదుగురూ తమవి తామే తెచ్చి నా చేతికివ్వాలి. ఆ బీరువా తాళం తియ్యి."

మూడు ఖాళీ డబ్బాలు తీసి, మూడింటి మీదా చిట్టి పేరు రాసి ఆయన ముందు పెట్టాను. రోజు విడిచి రోజు ఒక్కోటి తెమ్మన్నాను. తీసుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి నా సబ్బు తీసుకున్నాడు. మోచేతుల దాకా రుద్దుతూనే ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి.

ఇప్పుడు కడిగి ఏం లాభం అన్న మాట నోటిదాకా వచ్చింది.

"గోళ్ళ కింద కూడా," అన్నాను.