నాన్న కలిపిన నీలం

గోళ్ల సందుల్లో నీలం.

సాయంత్రం పని నుంచి వచ్చిన నాన్న చేతులు అలా ఉండేవి. కిరసనాయిలుతో ఎంత రుద్దినా పోయేది కాదు. ఆ చేత్తోనే అన్నం కలిపి ముద్ద పెట్టేవాడు. అన్నానికి రంగు వాసన అంటుకునేది... జ్ఞానవతి ఇష్టంగా తినేది.

నాన్న జీవానందం మిన్నీ బే ఒడ్డున పడవలకు రంగులు వేసేవాడు. నీలంలో కాస్త తెలుపు, చీపురుపుల్లతో ఒకే ఒక్క చుక్క నలుపు — అది కలపడం కూతురి పని. ఏటా వానలు వెలిశాక పాత రంగు గీకి కొత్తది వేసేవాడు. నాన్న ముచ్చటపడి వేసిన రంగును నాన్నే రేకు పట్టుకుని గీకేస్తుంటే ఆ పిల్లకు ఏడుపొచ్చేది.

నాన్న సముద్రం వైపు ముఖం తిప్పుకుని గీకుతూ ఉండేవాడు.

నాన్న పోయాడు.

కుంచెలు మిగిలాయి.

పెళ్లయి బతు బస్తీకి వచ్చాక ఆ కుంచెలకు పడవలు దొరకలేదు, కేకులు దొరికాయి. చర్చి సంఘంలో ఎవరి పెళ్లయినా, ఏ క్రిస్మస్ అయినా కేకు జ్ఞానవతిదే. దాని మీద మందారాలు, గవ్వలు, ఓడలు. అందరూ ఆహా అనేవారు, మూతి తుడుచుకుని వెళ్లిపోయేవారు. అలా అలా జుట్టు నెరిసింది.

ఒకరోజు గేటుకు బోర్డు కట్టింది. అక్షరాలు తనే వేసుకుంది. కేకులు చేయబడును.

భర్త యిర్మియా ఆ బోర్డును చూశాడు.

"శౌక్ అలగ్, ధంధా అలగ్, జ్ఞానా. సరదా వేరు, బేరం వేరు. ఊరికే పెడితే ఆహా అంటారు. డబ్బులిచ్చి కొంటే వంకలు పెడతారు."

ఆ మాటలో ఎకసెక్కం లేదు. భయం ఉంది. స్కూల్లో ఆయా పని వదులుకుని మరీ కట్టిన బోర్డు అది. మొదటి కేకు చెడితే రెండోది అడిగేవారుండరు. ఇంత చిన్న ఊళ్లో మాట పాకడానికి ఎంతసేపు.

వానలు పడ్డాయి. బోర్డు తడిసింది, ఆరింది, మళ్లీ తడిసింది.

అప్పుడొచ్చింది నూకరత్నం, మిన్నీ బే నుంచి. మనవడికి మొదటి పుట్టినరోజు. వాడు కడుపులో ఉండగానే వాడి తండ్రి చేపల వేటకు వెళ్లాడు. తిరిగి రాలేదు. పడవా రాలేదు.

"మా ఓడి ఫోటో ఒక్కటీ నేదు తల్లీ. ఆ పడవైనా ఎయ్యగలవేటి? గుంటడు ఆళ్ల నాన్న పడవ సూడాల కదా."

"ఏ రంగు పెద్దమ్మా?"

"మీ నాన్న ఏసిన నీలమే. ఆయన పోయాక కూడా మా ఓడు అదే కలిపించీవోడు."

జ్ఞానవతి తల ఊపింది.

తెల్లటి క్రీమ్ పరిచింది. నీలం కలిపింది. చీపురుపుల్లతో... ఒక్క చుక్క నలుపు.

ఈ ఉక్కలో క్రీమ్ నిలవదు, రంగు నిలవదు. ఫ్యాను కింద, నాన్న కుంచెలతో, ఊపిరి బిగబట్టి వేసింది. పడవ ముక్కు. అంచు. పక్కన పేరు. కింద అలలు. పడవ నీళ్ల మీద నిలబడింది. ఇంత బాగా ఆమె ఎప్పుడూ వేయలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, గర్వపడింది కూడా.

పుట్టినరోజు నాడు నూకరత్నం ఇంట్లో కొవ్వొత్తి ఆర్పారు. పిల్లవాడి చేతిలో కత్తి పెట్టి, ఆ చేతిని నూకరత్నం పట్టుకుంది.

కత్తి ఆగిపోయింది.

"దీని మీద కత్తెలా పెడతాను తల్లీ..."

పిల్లవాడి తల్లి గోడ వైపు తిరిగిపోయింది. వచ్చినవాళ్లలో ఎవరో మెల్లగా, "రెహనే దో, అలాగే ఉంచెయ్యండి," అన్నారు.

ఉక్క. అంచు దగ్గర నీలం కరిగి జారడం మొదలైంది.

ఎవరూ ముట్టని కేకు — రేపు ఊరంతా ఆ మాటే అంటుంది. అటువంటి చోట నిలబడి తన బోర్డు గురించి ఆలోచిస్తున్నందుకు జ్ఞానవతికి సిగ్గేసింది. సిగ్గేసినా ఆలోచన ఆగలేదు.

అప్పుడు నాన్న వీపు గుర్తొచ్చింది. రేకు చప్పుడు గుర్తొచ్చింది.

సంచిలోంచి క్రీమ్ పరిచే వెడల్పు కత్తి తీసింది.

"పెద్దమ్మా, నేను గీకుతాను. మా నాన్న ఏటా గీకేవాడు. గీకితేనే పడవ మళ్లీ నీళ్లలోకి దిగేది."

నూకరత్నం మనవడి చేతిలోని కత్తి తీసి పక్కన పెట్టింది.

పేరు పోయింది. అంచు పోయింది. చివరికి ముక్కు.

గీకుతున్నంతసేపూ జ్ఞానవతి కిటికీ వైపే చూసింది. నాన్న ముఖం ఎందుకు సముద్రం వైపు ఉండేదో అప్పుడు తెలిసింది.

కత్తి మీద పోగైన నీలాన్ని ఆమె నూకరత్నం అరచేతిలో పెట్టింది. ముసలావిడ వేలి కొసతో కాస్త తీసి మనవడి నాలుక మీద రాసింది. వాడు చప్పరించాడు. ఇంకా కావాలని నోరు తెరిచాడు.

ఆ తర్వాత కేకు కోశారు. అందరూ తిన్నారు. ఎవరూ ఆహా అనలేదు.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర యిర్మియా నిలబడి ఉన్నాడు.

"ఏమైంది?"

"తిన్నారు."

మళ్లీ ఎవరైనా ఆ గేటు తడతారో లేదో... వాన మొదలైంది. బోర్డు తడుస్తోంది.

కుళాయి తిప్పబోయి ఆగింది.

గోళ్ల సందుల్లో నీలం.

ఆ చేత్తోనే అన్నం కలుపుకుంది.